నిలబడుకునే మేడం

మీటింగులంటే నాకు ఒళ్ళుమంట. ఈ మాట మా ఆఫీసులో అంటే అందరూ నవ్వుతారు, వారానికి నాలుగు మీటింగులు పెట్టేది నేనే కాబట్టి. పెట్టక తప్పదు. పెడతాను, కూర్చుంటాను, బిస్కెట్లు తింటాను, లేచి వస్తాను. లోపల మాత్రం ఒకటే గొణుగుడు. నీకు నేర్పింది ఇది కాదురా నాయనా, అని.

మొన్న మంగళవారం కర్నూలులో జరిగిందీ అట్లాంటిదే. ఏసీ హాలు, తెర మీద ఆకుపచ్చ గళ్ళు, పసుపు గళ్ళు, ఎర్ర గళ్ళు. రెండున్నర గంటలు గడిచాయి. ముగ్గురు పెద్ద అధికారులు మాట్లాడారు. ముగ్గురూ ఒకే సంగతిని మూడు రకాలుగా చెప్పి ఒకరినొకరు మెచ్చుకున్నారు. ఒక పథకం నెలల తరబడి ఆగిపోయి ఉంది. అది ఎందుకు ఆగిందో ఆ హాల్లో టీ కప్పులు అందించే అతనికి కూడా తెలుసు. ఒక్కరూ నోరు తెరిచి అనలేదు. నేనూ అనలేదు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను కదిలింది.

“సార్ మేడం పోయింది. రేపు పదకొండుకు మట్టి. కోయిలకుంట్ల పక్కన వాళ్ళ ఊర్లోనే. మాబు.”

మాబు మా పాత ఫిట్టరు. పైపులు కలిపే పనిలో అంతటి చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. మేడం అంటే నా ఉద్యోగంలో మొదటి పై అధికారి. డోన్ వైపు కొన్ని ఊర్లకు మంచినీళ్ళు తెచ్చే పథకం ఆమె చేతికింద నడిచింది. ఆమె పేరు ఇక్కడ రాయను. శిలాఫలకాల మీద పేర్లు చూస్తే ఆమెకు నవ్వొచ్చేది. ఆ పని ఇంకా ముగియకముందే ఆమెను అక్కడినుంచి ఎత్తేశారు. ఎత్తేయడానికి కారణం నేను. ఆ ముక్క ఆమెకు ఎదురుగా నిలబడి చెప్పడానికి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నోరు రాలేదు. ఇప్పుడు చెబుదామంటే వినడానికి ఆమె లేదు.

కుర్చీలోంచి లేచాను. మాట్లాడుతున్న అధికారి ఆగి, ఏమైంది అన్నట్టు చూశారు. “మా వాళ్ళొకరు పోయారు సార్,” అని బయటికి వచ్చేశాను. చుట్టం కాదు, పక్కం కాదు. అయినా ఆ మాట నోట్లోంచి సులువుగా వచ్చేసింది.

ఆమె పొట్టి మనిషి. నూలు చీర, కాళ్ళకు గుడ్డ బూట్లు. చీర కింద బూట్లేమిటని మొదటిరోజు నాకు నవ్వొచ్చింది. రెండో రోజు పైపుల గుంతలో నా చెప్పు తెగి, ముళ్ళ మీద ఒంటికాలితో గెంతుతుంటే నవ్వడం ఆమె వంతయింది. “నవ్వింది సాలు గానీ, డోన్‌కి పోయి బూట్లు కొనుక్కోపో అప్పా,” అంది. నిన్నటి నా నవ్వును ఆమె చూసిందన్నమాట. ఆమె చూడనిది ఏదీ ఉండేది కాదు, చూసినట్టు కనిపించేదే కాదు.

నేను చేరిన వారానికే ఆమె కూడా అక్కడికి బదిలీ మీద వచ్చింది. అంతకుముందున్న ఆయన సోమవారం సోమవారం మధ్యాహ్నం మీటింగు పెట్టేవాడట. టెంటు హౌసు నుంచి కుర్చీలు, మెత్తలు, నీళ్ళ సీసాలు వచ్చేవి. ఆమె వచ్చిన మొదటి సోమవారం కుర్చీల బండి మామూలుగానే వచ్చి ఆగింది. ఆమె బండి దగ్గరికి పోయి, “ఎవురిదప్పా పెండ్లి?” అని అడిగింది. ఆ అబ్బాయి తెల్లమొహం వేశాడు. “పెండ్లి లేదు గదా, ఎత్తకపో,” అంది. బండి వచ్చిన దారినే పోయింది.

మర్నాటినుంచి మీటింగు రోజూ పొద్దున ఏడింటికి, పని జరిగే చోటే, నిలబడి. పావుగంటకు మించదు. ఎవరికీ కుర్చీ లేదు, ఆమెకూ లేదు. కూలీలతో కలిపి ఇరవైమందిదాకా గుండ్రంగా నిలబడేవాళ్ళం. ఎండ తన మొహం మీద పడేట్టు, మా అందరి వీపులకు తగిలేట్టు చూసుకుని ఆమె నిలబడేది. ఇది ఎవరూ ఆమెను అడగలేదు, ఆమె చెప్పలేదు. నేను గమనించడానికి నెల పట్టింది.

మాట్లాడే వరసే అన్నిటికంటే విడ్డూరం. మా శాఖలో పెద్దవాళ్ళు ముందు మాట్లాడతారు, చిన్నవాళ్ళు తలాడిస్తారు. ఈమె దగ్గర అది తిరగబడింది. మొదట కాపలా తాత. తర్వాత మాబు. ఆ తర్వాత జేసీబీ నడిపే ఓబులేసు. ఆపైన పంపు దగ్గరుండే ఇద్దరు, కూలీల మేస్త్రీ, నేను, కాంట్రాక్టరు మేనేజరు. చిట్టచివర ఆమె. కాంట్రాక్టరు మేనేజరుకు ఇది అస్సలు గిట్టేది కాదు. ఇస్త్రీ చొక్కా, చలువ కళ్ళద్దాలు వేసుకుని, కాపలా తాత మాట్లాడినంతసేపూ ఫోను చూసుకుంటూ నిలబడేవాడు. ఒకరోజు ఆమె, “ఆయప్ప చెప్పింది ఏంది, చెప్పు సూద్దాం,” అని అతన్నే అడిగింది. అతను నీళ్ళు నమిలాడు. మరుసటిరోజు నుంచి ఫోను జేబులోనే ఉంది.

ప్రతివాణ్ణీ ఆమె అడిగేవి మూడే మాటలు. ఏం చేస్తావు, ఎప్పటికి చేస్తావు, అడ్డమేంది. ‘అయిపోతాది మేడం’ అంటే ఒప్పుకునేది కాదు. “అయిపోతాది అంటే యాల్నో ఒకనాడు అయితాదని నాకూ తెల్సులే. అయిందా, కాలేదా?” అనేది. కాలేదు అన్నవాణ్ణి ఎప్పుడూ తిట్టలేదు. తిట్టదని తెలిశాక ‘కాలేదు’ అనే మాట మా నోళ్ళకు అలవాటయింది. అది ఎంత పెద్ద సంగతో మా శాఖలో పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది. రేపు అయ్యేదాన్ని ఇవాళే అయిందని చెప్పడం మాలో అబద్ధం కిందికి రాదు. అదొక మర్యాద. పైవాళ్ళు సంతోషపడతారు, మనకు ఒక రోజు కలిసి వస్తుంది, రేపు ఎట్లాగూ చేస్తాం కదా అని మనసుకు సర్దిచెప్పుకుంటాం.

అందరూ చెప్పింది ఆమె బడిపిల్లల నోటుపుస్తకంలో తెలుగులో రాసుకునేది. వెళ్ళేముందు గట్టిగా చదివి వినిపించేది. “మాబు, వాల్వు బిగిస్తాడు, ఈ పొద్దు సాయంత్రానికి. ఓబులేసు, బండరాయి కాడ తవ్వుతాడు, రేప్పొద్దున పదికి.” తన పేరు వినపడగానే ఓబులేసు కాస్త నిటారుగా నిలబడేవాడు. ఇంగ్లీషులో టైపు చేయించి పంపితే బాగుంటుంది కదా మేడం అని మేనేజరు ఒకసారి సలహా ఇచ్చాడు. “నువ్వు చదువుకునేకి బాగుంటాది. పని జేసేది ఓబులేసు గదప్పా,” అంది.

ఆఖరున ఒక ప్రశ్న అడిగేది. “ఇంకేమన్నా కడుపులో పెట్టుకున్నారా?” అడిగి, ఎవరి మొహమూ చూడకుండా దూరంగా రాళ్ళ గుట్టల వైపు చూస్తూ నిలబడేది. కాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచే అసలు సంగతులన్నీ బయటపడేవి. గేటు వాల్వు తప్పు సైజు వచ్చిందని, మేస్త్రీకి జ్వరమని, పంపు కొత్తగా ఏదో చప్పుడు చేస్తోందని. ఎవరూ ఏమీ లేదంటే, “ఇంగ పోండి,” అనేది. అంతే, మీటింగు అయిపోయినట్టు.

సుంకమ్మ సంగతి చెప్పకపోతే ఈమె సగమే అర్థమవుతుంది. సుంకమ్మది వంక పక్కన రెండెకరాల చేను. బోరు కింద వేరుశనగ వేసింది, వాళ్ళ మాటల్లో బుడ్డలు. పైపు ఆ చేనులోంచే పోవాలి. మిషను దిగేసరికి ఎదురుగా వచ్చి నిలబడింది. నెలన్నరగా పని అక్కడే ఆగిపోయింది. ఆమె మొండిదని, వెనక ఎవరో ఎగదోస్తున్నారని పాత అధికారి మూడు మీటింగులు పెట్టాడు. పోలీసుల సాయం కోరుతూ ఉత్తరం కూడా తయారై ఉంది. మేడం ఆ కాగితాలన్నీ తిరగేసి, “ఈ మూడు మీటింగుల్లో ఆయమ్మ యాడుండాది?” అని అడిగింది.

మేనేజరు నవ్వాడు. “ఆమెకు మీటింగేంది మేడం? చదువు రాదు.”

“మీటింగు మాట్లాడేకప్పా. చదివేకి గాదు.”

మరుసటి పొద్దున మీటింగు సుంకమ్మ చేని గట్టు మీదే జరిగింది. చేతిలో కొడవలితో వచ్చింది సుంకమ్మ. గుండ్రంగా నిలబడ్డ మగవాళ్ళను చూసి వెనకడుగు వేయబోతే మేడం తన పక్కన చోటు చూపించింది. “ముందు నువ్వే చెప్పమ్మా,” అంది.

సుంకమ్మ కొడవలి గట్టు మీద పెట్టింది. తర్వాత గలగలా మొదలుపెట్టింది. “నాకు పైపు మింద కోపమేంది తల్లీ? నీళ్ళు మాకు మాత్రం వద్దా? బుడ్డలు కాయ గట్టిపడుతాండాయి. పన్నెండు దినాలు ఆగితే పీక్కుంటా. ఎవురన్నా వచ్చి అడుగుతారేమో అని సూస్తానే ఉండా. అడిగినోడు లేడు. మిషన్ తోలుకొచ్చిరి.”

ఇంతే. నెలన్నర పని ఆపిన మొండితనం ఇంతే. అవతలి గట్టు నుంచి తవ్వుకుంటూ రమ్మని ఓబులేసుకు చెప్పి, పన్నెండు రోజుల తర్వాతి తేదీ నోటుపుస్తకంలో రాసి, సుంకమ్మ పేరుతో సహా చదివి వినిపించింది మేడం. పది నిమిషాలు కూడా పట్టలేదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. చేరినప్పటినుంచి ఆ చేని పక్కగా రోజూ నడిచింది నేనే. రోజూ సుంకమ్మను చూశాను. ఆమె ఏదో చెప్పబోతున్నట్టు గట్టుదాకా వచ్చేది కూడా. నేను ఆగితేగా?

డోన్‌లో రైల్వే గేటు పడి జీపు ఆగిపోయినప్పుడు ఒకసారి ధైర్యం చేసి అడిగాను. ఈ చిన్నవాళ్ళు ముందు మాట్లాడే పద్ధతి మీకు ఎవరు నేర్పారు మేడం, అని. గూడ్సు బండి వెళుతోంది. అది తెమిలేది కాదు. ఆమె కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. మనసులో ఏదైనా తిరుగుతుంటే ఆమె చేసే పని అదే.

“మా ఊర్లో చర్చి పెద్దల మీటింగులు ఉంటాండె. మా అమ్మ కూలికి పోయొచ్చి, మొహం కడుక్కోని, ప్రతి మీటింగుకూ పోతాండె. ఎనకాల గోడకాడ నిలబడుకుంటాండె. పోయేటప్పుడు దోవంతా, ఈసారి చెప్పల్ల, ఈసారి చెప్పల్ల అనుకుంటా పోతాండె. పెద్దోళ్ళు మాట్లాడేది అయ్యేలోపల ప్రార్థన చేసి పంపిచ్చేస్తాండ్రి. చెప్పకనే ఇంటికొస్తాండె. అట్ల శానా ఏండ్లు.”

“ఏం చెప్పాలనుకునేది మేడం?”

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది. “నేను గూడా అడగల్యా అప్పా. నేను సదువుకుంటాంటి గదా, నాకెక్కడ తీరిక? అమ్మ పోయినాక తట్టింది.” గేటు లేచింది. “పోనీ అప్పా,” అని డ్రైవరుకు చెప్పింది.

ఇక నా భాగోతం.

పథకంలో అన్నిటికంటే కొసన ఒక ఊరుంది. మేం కొసూరు అనేవాళ్ళం. ఎండాకాలం వస్తే ట్యాంకరు చుట్టూ బిందెలతో అక్కడ జరిగే గలాటా చూసినవాళ్ళకు గుక్కెడు నీళ్ళు తాగబుద్ధి కాదు. ఆ ఊరికి పోయే పైపు వంక కిందనుంచి పోవాలి. వంక ఎండి ఉన్నప్పుడే పని అయిపోవాలి. ఒకసారి వానలు పడి వంక పారిందా, ఇక చలికాలం దాకా అక్కడ గడ్డపార దిగదు. కొసూరికి ఇంకో ఏడాది ట్యాంకరే. అందుకే మాకందరికీ ఆ వంక గండంగా ఉండేది.

వంక కింద ఆరు జాయింట్లు వేశాం. మట్టి కప్పేముందు పైపులో నీళ్ళు నింపి, ఒత్తిడి పెట్టి, ఒక రోజంతా ఎక్కడా కారడం లేదని చూడాలి. అది నా బాధ్యత. ఆ బుధవారం పడమటి దిక్కున మబ్బు పట్టింది. శనివారం నీళ్ళు వదిలి చూడటానికి పెద్ద అధికారులు వస్తున్నారు. మేనేజరు నా భుజం మీద చెయ్యి వేశాడు. “సార్, వాన పడితే గుంత కూలిపోతుంది. తక్కిన లైనంతా ఒక్క చుక్క కారలేదు కదా. కప్పేద్దాం. ఆరు జాయింట్లకేముంది?” అన్నాడు.

నేను మబ్బును చూశాను, శనివారాన్ని తలుచుకున్నాను, కప్పేయమన్నాను. మాబు నా వంక చూసి, “టెస్టు సార్?” అన్నాడు. “నేను చూసుకుంటాలే, నువ్వేం మాట్లాడొద్దు,” అన్నాను. రిజిస్టరులో టెస్టు అయినట్టు రాసి సంతకం పెట్టాను. అదీ నా యోగ్యత.

ఆ పొద్దు పట్టిన మబ్బు మర్నాటికి చెదిరిపోయింది. పొద్దున ఏడింటికి వంక ఒడ్డునే మీటింగు. కాపలా తాత అయ్యాక మాబు, “పైపులు కప్పినాం మేడం,” అన్నాడు. అంతే అన్నాడు. ఓబులేసు చెప్పాడు, పంపువాళ్ళు చెప్పారు, మేస్త్రీ చెప్పాడు. నా వంతు వచ్చింది. “వంక పని అయిపోయింది మేడం. టెస్టు కూడా అయింది.”

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మేనేజరు చెప్పింది విని, తను చెప్పాల్సింది చెప్పి, పుస్తకం చదివి, ఎప్పటిలాగే అడిగింది. “ఇంకేమన్నా కడుపులో పెట్టుకున్నారా?”

ఎవరూ మాట్లాడలేదు. ఆమె గుట్టల వైపు చూస్తూ నిలబడింది. ‘ఇంగ పోండి’ అనాల్సిన సమయం వచ్చింది, పోయింది. ఆమె అనలేదు. ఐదు నిమిషాలయ్యాయి, పది నిమిషాలయ్యాయి. ఓబులేసు మెల్లగా పోయి ఇంజను ఆపి వచ్చి మళ్ళీ తన చోట నిలబడ్డాడు. మేనేజరు దగ్గాడు, గడియారం చూసుకున్నాడు, చివరికి, “మేడం, పనికి లేటవుతుంది,” అన్నాడు.

“కానీలే అప్పా,” అంది, ఇటు తిరగకుండానే.

ఎండ పైకెక్కింది. అది నేరుగా ఆమె కళ్ళలో కొడుతోంది. నుదుటి మీద చెమట కారి కనుబొమల దగ్గర ఆగింది, తుడుచుకోలేదు. మేకలు తోలుకుపోతున్న ముసలాయన వంకలో ఆగి, ఇరవైమంది కిక్కురుమనకుండా నిలబడి ఉండటం చూసి తలగుడ్డ తీసేశాడు. “ఏమప్పా, ఎవురన్నా పోయినారా?” అని అడిగాడు. ఇంకో రోజైతే పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ పొద్దు ఒక్కరి పెదవీ కదల్లేదు. ఆయన ఏదో గొణుక్కుంటూ మేకలతో పోయాడు.

ఆమె నన్ను చూడటం లేదు. చూస్తే బాగుండును, కోపం తెచ్చుకుని ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది. మాబు వైపు చూశాను. అతను తన కాళ్ళ వైపే చూసుకుంటున్నాడు. చెప్పేస్తే ఏమవుతుందో లెక్కలేసుకున్నాను. శనివారం పోతుంది, పెద్దవాళ్ళ ముందు మేడం పరువు పోతుంది, నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, అది పోతుంది. చెప్పకపోతే? ఆరు జాయింట్లూ బాగానే ఉండొచ్చు. లేకపోతే శనివారం నీళ్ళు వదిలినప్పుడు వంక కింద పైపు ఊడుతుంది, వారంలో వంక పారుతుంది, కొసూరి ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఇంకో ఏడాది. ఈ రెండోది తలకెక్కడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. మనిషినని చెప్పుకోవడానికి సిగ్గుపడే నలభై నిమిషాలు.

“మేడం, టెస్టు చేయలేదు,” అన్నాను.

ఆమె ఇటు తిరిగింది. కోప్పడలేదు. ఎందుకు చేశావని కూడా అడగలేదు.

“ఎన్ని జాయింట్లు?”

“ఆరు మేడం.”

“ఓబులేసూ, తవ్వేకి ఎంతసేపు?”

“రేపు మద్యాన్నానికి తీస్తా మేడం. మిషనుతో పైమట్టి తీసి, పైపు కాడికొచ్చినాక చేత్తోనే తీయల్ల.”

“మాబూ, టెస్టుకు?”

“ఒక దినం నిలపల్ల మేడం. కారితే ఇంకో దినం.”

“ఎవురుంటారు ఆడ?”

“నేనుంటాను,” అన్నాను.

నోటుపుస్తకంలో రాసింది. అందరి పేర్లూ చదివింది, నా పేరు కూడా, మామూలు గొంతుతో. ఆ తర్వాత ఫోను తీసి, అందరికీ వినపడేట్టు పెట్టి, పై అధికారికి చేసింది. “సార్, శనివారం అయ్యేది లేదు. వంక కాడ టెస్టు కాలేదు.” అవతలనుంచి అరుపులు. అందర్నీ పిలిచాం, ఇప్పుడా చెప్పేది, ఇంతమంది ఇంజనీర్లు ఏం చేస్తున్నారు, అని. ఆమె అంతా విని, “తప్పు నాదే సార్. నేను అడగాల్సినట్ల అడగల్యా,” అంది. ఫోను పెట్టేసి మా వైపు చూసి, “ఇంగ పోండి,” అంది.

నేల చీలితే దిగిపోదామనిపించింది. అడగాల్సినట్టు అడగలేదట! ఎండలో నలభై నిమిషాలు నిలబడి అడిగిన మనిషి.

తవ్వాం. ఒత్తిడి పెట్టిన గంటకే మూడో జాయింటు నుంచి నీళ్ళు చిమ్మాయి. లోపల రబ్బరు రింగు మడతపడి ఉంది. మాబు దాన్ని మార్చాడు. మళ్ళీ ఒక రోజంతా పెట్టి చూశాం, చుక్క కారలేదు. కప్పిన నాలుగో రోజుకు వాన పడి వంక పారింది. ఆ వారంలోనే కొసూరి కొళాయిల్లో నీళ్ళు వచ్చాయి. బిందె కిందపెట్టి ధార చూస్తూ నిలబడ్డ ఒక ముసలామె నన్ను, “ఆ నిలబడుకునే మేడం రాలేదా నాయనా?” అని అడిగింది. రాలేదు. అప్పటికి మేడం చేతికి బదిలీ కాగితం వచ్చింది. కడప జిల్లాలో మంగంపేట పక్కన, ముగ్గురాయి గనుల దగ్గర ఏదో చిన్న పని. శనివారం తప్పినందుకని కాగితం మీద ఎవరూ రాయలేదు. రాయాల్సిన పని కూడా లేదు, అందరికీ తెలిసిందే. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. నామీద ఆమె ఒక్క ముక్క కూడా పైకి రాయలేదు.

ఆమె అక్కడే రిటైరయింది. నేను ఒకసారి ఫోను చేసి, “మేడం, ఆ రోజు...” అని మొదలుపెట్టాను. “ఇప్పుడు యాడ చేస్తాండావు? పని ఎట్లుండాది?” అని దారి మళ్ళించింది. రెండోసారి మొదలుపెట్టడానికి ధైర్యం చాలలేదు. ఆమె పద్ధతి నడుపుదామని నేను ప్రయత్నించకపోలేదు. నిలబడే మీటింగు నెల్లాళ్ళు సాగింది. చిన్నవాళ్ళను ముందు మాట్లాడనిచ్చాను కూడా. ఆ నిశ్శబ్దం మాత్రం నావల్ల కాలేదు. ఒక నిమిషం గడిచేసరికి భయమేసి నేనే ఏదో ఒకటి మాట్లాడేసేవాణ్ణి. మెల్లగా కుర్చీలు వచ్చాయి, వాటి వెనకే బిస్కెట్లు వచ్చాయి.

బుధవారం బనగానపల్లె మీదుగా కారులో పోయాను. దారి పొడవునా నాపరాళ్ళ లారీలు. వాళ్ళ ఊరు చేరేసరికి చర్చిలో పాట నడుస్తోంది. పెట్టెలో ఆమె ఇంకా పొట్టిగా కనిపించింది. కళ్ళద్దాలు లేకుండా ఆ మొహాన్ని అంతసేపు చూడటం అదే మొదటిసారి. చెప్పాలనుకున్నది లోపలే చెప్పుకున్నాను. చుట్టూ జనం ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను, కానీ ఏ బరువూ దిగలేదు.

మట్టి అయ్యాక చర్చి ప్రహరీ పక్కన మాబు కనిపించాడు. గడ్డం నెరిసిపోయింది. డోన్ నుంచి తెల్లారే బస్సెక్కి వచ్చాడట. ఇద్దరం గోడకు ఆనుకుని నిలబడ్డాం.

“మాబూ, ఆమె బతుకు నేనే పాడుచేశాను,” అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక మనిషితో అనడం అదే. “ఆ పొద్దు మొదట్లోనే చెప్పుంటే అందరి ముందూ అంత రచ్చయ్యేది కాదు. ఆమెను పక్కకు పిలిచి చెప్పుకునేవాణ్ణి. ఆమె ఎట్లాగో సర్దుకునేది.”

మాబు చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

“మేడంకి ముందే తెల్సు సార్.”

“ఏం తెలుసు?”

“టెస్టు చేయల్యా అని. ఆ ముందుదినం సాయంత్రం నేనే పోయి చెప్పినా. నాకు మనసు నిలవలేదు సార్, కొసూర్లో మా అక్క ఉండాది. మీరు తిట్టుకున్నా సరే అని చెప్పినా.”

అతనే చెప్పుకుపోయాడు.

“సార్‌ను పక్కకు పిలిచి అడగరాదా మేడం, అంటి. ‘పక్కకు పిలిస్తే నాకొక్కదానికే చెప్తాడు మాబూ. అందరి ముందర చెప్తే ఇంగెప్పుడూ ఎవురికీ దాసిపెట్టే పనుండదు ఆ పిల్లోనికి. నువ్వు చెప్పినట్ల యాడా అనొద్దు,’ అనింది. చెప్పకపోతే ఎట్ల మేడం, అంటి. ‘చెప్పినా చెప్పకున్నా గుంత తవ్వేది తవ్వేదే. చెప్పేదాకా నిలబడుకుందాం,’ అనింది. డోన్ హోటల్లో ఇరవైమందికి మద్యాన్నం అన్నాలు చెప్పిపెట్టమనింది సార్ నాతో. సాయంత్రానికి టీ గూడా. మీరు చెప్పేసినాక నేనే ఫోన్ చేసి వద్దంటి.”

గోడ పట్టుకున్నాను. మాబు కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఏదో గుర్తొచ్చినట్టు, ఏడుపు మధ్యనే నవ్వాడు.

“రాత్రికి గూడా అన్నాలు చెప్పమంటారా మేడం, అని అడిగినా సార్. ‘వద్దులే మాబూ, అంతసేపు పట్టదు. మంచి పిల్లోడే,’ అనింది.”